పొయ్యి ఆరిన రాణివాసం

సియోల్ నగరం నడిబొడ్డున, బుగాక్ కొండ పాదాల దగ్గర, గ్యోంగ్‌బొక్‌గుంగ్ అనే రాజప్రాసాదం ఉంది. అందులో రాణివాసం వెనక అరుగులు అరుగులుగా తీర్చిన చిన్న పూలతోట. పేరు అమిసాన్. ఆ తోటలో నాలుగు పొగగొట్టాలున్నాయి. ఎర్రటి ఇటుకతో ఆరు పలకలుగా కట్టినవి, మనిషి నిలువుకంటే ఎత్తు. పలక పలకకూ ఏదో ఒక బొమ్మ: పూలు, వెదుళ్ళు, దేవదారు చెట్లు, కొంగలు, గబ్బిలాలు. మనకు గబ్బిలం ఇంట్లో దూరితే అపశకునం. అక్కడ అది అదృష్టం తెచ్చే జీవి. తెలియనివాళ్ళు చూస్తే తోట అందం కోసం నిలబెట్టిన స్తంభాలనుకుంటారు.

కొరియా పాతకాలపు ఇళ్ళలో చలికాలపు పొయ్యి గదిలో ఉండదు. గోడకు అవతల, నేలమట్టానికి కిందుగా ఉంటుంది. అక్కడ మంట వేస్తే వేడి గది నేల కిందున్న రాతి కాలువల్లో పాకుతుంది. నేలంతా వెచ్చబడ్డాక పొగ ఇంటికి ఎడంగా ఉన్న గొట్టంలోంచి పైకి పోతుంది. ఈ ఏర్పాటును వాళ్ళు ఒందొల్ అంటారు. రాణిగారి గది కింద పుట్టిన పొగ మట్టి లోపలినుంచే తోటదాకా నడిచివచ్చి, ఈ నాలుగు గొట్టాల్లోంచి లేచేది. మంచు కురిసే తెల్లవారుజామున అమిసాన్ మీద పొగ కనిపించిందంటే, లోపల రాణిగారి నేల వెచ్చగా ఉందన్నమాట.

1918 ప్రాంతంలో ఆ రాణివాసాన్ని దూలం దూలంగా విప్పి పట్టుకుపోయారు. పొగగొట్టాలను మాత్రం వదిలేశారు. డెబ్బై ఏళ్ళకు పైగా అవి ఇల్లు లేని పొగగొట్టాలుగా నిలబడ్డాయి. దీపం పెట్టే దిక్కు లేకుండా పోవడం అని మనవాళ్ళు ఒక వంశం గురించి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఈ నాలుగు గొట్టాలే గుర్తుకొస్తాయి. ఎందుకంటే ఈ ప్రాసాదం ఎన్నోసార్లు కాలింది. కాలినందుకు చావలేదు. దాని చావు వేరే దారిలో వచ్చింది.

దీన్ని 1395లో కట్టారు. జొసొన్ రాజవంశాన్ని నెలకొల్పిన యీ సొంగ్‌గే కొత్త రాజధానిగా హాన్యాంగ్‌ను, అంటే నేటి సియోల్‌ను, ఎంచుకున్నాడు. ఆయన మంత్రి, పండితుడు జొంగ్ దోజొన్ ప్రాసాదానికి పేరు పెట్టాడు. గ్యోంగ్‌బొక్ అంటే గొప్ప ఆశీస్సు, నిండు భాగ్యం అని అర్థం. పేరు పెట్టిన మూడేళ్ళకే ఆ మంత్రి రాకుమారుల తగవులో కత్తికి బలయ్యాడు. తర్వాతి రాజుల్లో కొందరు ఈ చోటును ఇష్టపడలేదు కూడా. అయినా నాలుగో రాజు సెజోంగ్ కాలానికి ఇది నిజంగానే భాగ్యం పండిన ఇల్లయింది. తనంత తానే గంట కొట్టి వేళ చెప్పే నీటిగడియారం 1434లో ఇక్కడే మోగింది. చదువుకోని మనిషి కూడా తన మాటను తాను రాసుకోవాలని సెజోంగ్ ఇరవై ఎనిమిది అక్షరాలు కూర్చి, 1446లో ప్రకటించింది ఇక్కడినుంచే. ఇవాళ కొరియా పిల్లలు దిద్దుకునే అక్షరాలు ఈ ప్రాంగణంలో పుట్టినవే.

1592లో జపాను సేనలు దండెత్తి వచ్చాయి. రాజు సొన్‌జో వాన కురుస్తున్న తెల్లవారుజామున రాజధాని వదిలి ఉత్తరానికి పారిపోయాడు. ప్రాసాదం కాలిపోయింది. ఎవరు కాల్చారన్నది నేటికీ వాదనే. రాజు తమను వదిలి పారిపోయాడన్న కోపంతో జనమే ముందు బానిసల దస్తావేజులున్న కచేరీని, ఆపైన ప్రాసాదాన్ని తగలబెట్టారని ఆస్థాన చరిత్ర రాసింది. జపాను సేనతో వచ్చినవాళ్ళ రాతల్లో మాత్రం ప్రాసాదం నిలిచి ఉండగా చూసిన వర్ణన ఉంది. ఎవరు అంటించినా మిగిలింది బూడిదే. ఆ తర్వాత 273 ఏళ్ళు అక్కడ మళ్ళీ కప్పు లేవలేదు. రాజులు తూర్పున ఉన్న ఛాంగ్‌దొక్‌గుంగ్‌లో కాపురం చేశారు. పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారుడు జొంగ్ సొన్ ఈ శిథిలాలను బొమ్మ గీశాడు. దేవదారు చెట్ల నడుమ, కోనేటి ఒడ్డున, పైన ఏమీ మోయని రాతి స్తంభాలు. ఒకప్పుడు విందులు జరిగిన గ్యోంగ్‌హ్వేరు మండపానివి అవి.

1864 మొదట్లో గోజొంగ్ అనే పన్నెండేళ్ళు నిండని పిల్లవాడు గద్దెనెక్కాడు. పేరు కొడుకుది, పెత్తనం తండ్రిది. ఆ తండ్రిని దెవొన్‌గున్ అంటారు. మూడు తరాలుగా రాణుల పుట్టింటివాళ్ళ గుప్పిట్లో నలిగిన సింహాసనానికి పాత తేజస్సు తేవాలని ఆయన పంతం. అందుకు ఆయనకు తోచిన మార్గం పాడుబడ్డ రాజప్రాసాదాన్ని మళ్ళీ లేపడం. 1865లో పని మొదలైంది. మరుసటి ఏడే పోగేసిన కలప అంటుకుని కాలిపోయింది. ఇంకెవరైనా అక్కడితో ఆగేవారు. ఆయన పెద్ద ఇళ్ళవాళ్ళ శ్మశానవనాల్లోని చెట్లు కూడా కొట్టించి పని సాగించాడు.

ఈ ఘట్టం దగ్గర నాకు మనసు రెండుగా చీలుతుంది. ఆ కట్టడం అందం చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. దానికి జనం కట్టిన వెల తలచుకుంటే నోట మాట రాదు. రాజధాని ద్వారాల దగ్గర వచ్చేపోయేవాళ్ళ మీద పన్ను వేశారు. ఊరూరా చందాలు వసూలు చేశారు. ఆ చందాకు మనసారా ఇచ్చే సొమ్ము అనే అర్థంతో వొన్‌నాప్‌జొన్ అని పేరు పెట్టారు. చైనా లిపిలో అదే పలుకున్న మరో అక్షరం ఉంది, దానికి పగ అని అర్థం. జనం ఆ ఒక్క అక్షరం మార్చి, పగతో ఇచ్చే సొమ్ము అని చెప్పుకున్నారు. అది చాలక 1866లో నూరు కాసుల విలువ అని ముద్ర వేసి కొత్త నాణెం పోశారు. అందులో ఉన్న లోహం ఐదారు కాసులది. బజారులో బియ్యం ధర కొండెక్కింది. ఆ నాణెం పోతను ఏడాది తిరగకుండానే ఆపేశారు, కానీ బక్కవాడి కుండ అప్పటికే ఖాళీ అయింది.

ప్రాసాదం మాత్రం లేచింది. సుమారు 330 భవనాలు. రెండంచెల రాతి అరుగు మీద గున్‌జొంగ్‌జొన్ అనే సింహాసన మండపం. కోనేటి నడుమ నలభై ఎనిమిది రాతి స్తంభాల మీద మళ్ళీ గ్యోంగ్‌హ్వేరు. దక్షిణాన మూడు కమానుల గ్వాంగ్‌హ్వామున్ ద్వారం. నిప్పంటే కట్టినవాళ్ళకు అంత భయం, ద్వారం ముందు మంటల్ని మింగే హెచి అనే మృగాల శిలలు రెండు కూర్చోబెట్టారు. కోనేటి అడుగున కంచు డ్రాగన్లను మునగవేశారు. అందులో ఒకటి 1997లో బురద తీస్తుంటే బయటపడింది. 1868లో రాజకుటుంబం కొత్త ఇంట్లో పాలు పొంగించుకుంది అందామా, మన మాటల్లో చెప్పాలంటే. అమిసాన్ పొగగొట్టాల్లోంచి మొదటి పొగ లేచింది అప్పుడే.

నిప్పు మాత్రం వదల్లేదు. 1876లో మళ్ళీ అంటుకుని అంతఃపురం చాలావరకు కాలింది. 1888కి తిరిగి కట్టుకున్నారు. కాలడం, కట్టుకోవడం, ఈ ఇంటికి అలవాటైన కష్టమే అది.

ఈలోగా కొడుకు పెద్దవాడయ్యాడు. 1873లో గోజొంగ్ తండ్రిని పక్కకు తప్పించి పాలన చేతిలోకి తీసుకున్నాడు. అదే ఏడు ప్రాసాదం ఉత్తరపు కొసన, మంత్రుల కంటికి దూరంగా, గొన్‌చొంగ్‌గుంగ్ అనే చిన్న లోగిలి కట్టించుకున్నాడు. రాజభవనాలకుండే రంగురంగుల పూత దానికి లేదు. కలిగినవాళ్ళ ఇంటిలా, చెక్క చెక్కలాగే ఉంటుంది. ముందు తామరకొలను, దాని మధ్య హ్యాంగ్‌వొన్‌జొంగ్ అనే ఆరు పలకల మండపం. తండ్రి కట్టించిన వైభవం నడుమ కొడుకు వెతుక్కున్న ఇల్లు అది. ఆయన, రాణి మిన్ అక్కడే ఎక్కువ కాలం గడిపారు. రాణి అంటే అంతఃపురానికే పరిమితమైన మనిషి కాదామె. చదువరి, దేశాల మధ్య ఎత్తులు తెలిసిన మనిషి. మామగారికీ కోడలికీ మధ్య ఏళ్ళ తరబడి రాజుకున్న వైరం ఉంది.

1887లో ఆ లోగిలిలో కొరియా దేశపు మొదటి విద్యుద్దీపం వెలిగింది. ఎడిసన్ బల్బు లోకానికి తెలిసి అప్పటికి ఎనిమిదేళ్ళే. యంత్రాన్ని కొలను ఒడ్డున పెట్టి, కొలను నీళ్ళతోనే నడిపారు. అందుకని జనం దాన్ని నీటినిప్పు అన్నారు. మాటిమాటికీ ఆరిపోతూ, డబ్బు తినేస్తూ ఉంటుందని, పనీపాటా లేని పోకిరి దీపం అనీ అన్నారు. యంత్రం నుంచి తిరిగొచ్చిన వేడి నీళ్ళకు కొలనులో చేపలు చచ్చి తేలాయి. చేపలు చావడం అరిష్టమని గుసగుసలాడుకున్నవాళ్ళున్నారు. నేను శకునాలు నమ్మను. కానీ ఆ కొలనుగట్టున ఎనిమిదేళ్ళ తర్వాత జరిగింది తెలిసీ ఆ చేపల కథ మామూలుగా చెప్పడం నావల్ల కాదు.

1895లో చైనా మీద గెలిచిన జపాను కొరియాను తన చెప్పుచేతల్లో పెట్టుకోబోయింది. రష్యా, ఫ్రాన్స్, జర్మనీ కలిసి అడ్డుపడి, జపాను గెలుచుకున్న లియాదొంగ్ నేలను వదిలించాయి. రాణి మిన్ అది గమనించింది. జపానును ఆపగలిగినవాళ్ళు ఉన్నారని గ్రహించి రష్యా వైపు మొగ్గింది. ఆ సెప్టెంబరులో జపాను కొత్త రాయబారిగా మియురా గోరో అనే మాజీ సేనాపతి సియోల్‌లో దిగాడు.

అక్టోబరు 8, ఇంకా తెల్లవారలేదు. జపాను సైనికులు, వాళ్ళు తర్ఫీదిచ్చిన కొరియా దళం, వాళ్ళతో కత్తులు దూసిన జపాను పౌరులు గ్వాంగ్‌హ్వామున్ దగ్గరికి వచ్చారు. ఆ పౌరుల్లో పత్రికల్లో రాసేవాళ్ళూ ఉన్నారు. గుంపు మధ్య ఒక పల్లకి. అందులో దెవొన్‌గున్. ఆయన ఇష్టపడి వచ్చాడా, బలవంతాన ఎత్తుకొచ్చారా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. తన పంతంతో, జనం కన్నీళ్ళతో లేపిన ద్వారంలోంచి, తన కోడలిని చంపబోయేవాళ్ళ వెంట ఆ ముసలాయన లోపలికి వెళ్ళాడు. అడ్డం నిలిచిన దళపతి హొంగ్ గేహున్ ద్వారం దగ్గరే కూలాడు. గుంపు ప్రాసాదం పొడవునా నడిచి, ఉత్తరపు కొసనున్న ఆ రంగుల్లేని లోగిలి చేరింది. రాణి గది ముందు అంతఃపుర మంత్రి యీ గ్యోంగ్‌జిక్ రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు. ఆయన చేతులు నరికారు. రాజును పట్టి నిలిపారు. ఇరవై ఒక్క ఏళ్ళ యువరాజును జుట్టు పట్టి ఈడ్చి కొట్టారు. రాణి ముఖం వచ్చినవాళ్ళకు తెలియదు. అందుకే కనిపించిన దాసీలనూ నరికారు. చివరికి ఆమెను గుర్తించి చంపారు. ఆమె వయసు నలభై నాలుగు నిండలేదు. శవాన్ని పక్కనే ఉన్న దేవదారు తోపులోకి మోసుకెళ్ళి తగలబెట్టారు.

ఇంత నిప్పు చూసిన ఇంట్లో అది అన్నిటికంటే చిన్న మంట.

మియురానూ అతని మనుషులనూ జపానుకు పిలిపించి హిరోషిమాలో విచారణ జరిపారు. ప్రాసాదంలోకి చొరబడ్డారని కాగితం మీద రాసుకుని కూడా, సాక్ష్యం చాలదని 1896 జనవరిలో అందరినీ వదిలేశారు. సియోల్‌లో చచ్చిపోయిన రాణి బిరుదు తీసేసి ఆమెను మామూలు ఆడమనిషిగా ప్రకటించాలని రాజు మీద ఒత్తిడి తెచ్చారు. ప్రకటన వెలువడింది కూడా. ఆ బిరుదు తర్వాత తిరిగి దక్కింది, కానీ సామ్రాజ్ఞిగా ఆమెకు అంత్యక్రియలు జరగడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ చలికాలమంతా గోజొంగ్ తన ఇంట్లో తాను బందీగా ఉన్నాడు. అంతఃపుర స్త్రీల పల్లకీలు మాత్రం కొన్ని రోజులుగా ఎక్కువగా వస్తూ పోతూ ఉన్నాయి. కాపలావాళ్ళ కళ్ళకు అవి అలవాటైపోయాయి. 1896 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున రెండు ఆడవాళ్ళ పల్లకీలు పడమటి ద్వారం యొంగ్‌ఛుమున్‌లోంచి బయటికి వెళ్ళాయి. ఎవరూ తెర ఎత్తి చూడలేదు. ఒకదానిలో రాజు, మరొకదానిలో యువరాజు. పల్లకీలు నేరుగా రష్యా రాయబారి కచేరీకి చేరాయి. రాజు ఏడాదిపాటు అక్కడే తలదాచుకున్నాడు. బయటికి వచ్చాక ఆ కచేరీ పక్కనే ఉన్న మరో ప్రాసాదంలో దిగి, 1897లో చక్రవర్తిగా పట్టం కట్టుకున్నాడు. గ్యోంగ్‌బొక్‌గుంగ్‌లో మాత్రం ఆయన మళ్ళీ కాపురం పెట్టలేదు. ఏ రాజూ పెట్టలేదు. నిప్పుకు కట్టుదిట్టంగా కాపలా పెట్టిన ప్రాసాదం అది. యజమాని ఆడవాళ్ళ పల్లకీలో దొంగలా వెళ్ళిపోయే రోజుకు ఏ శిలామృగం కాపలా కాస్తుంది? నా లెక్కలో ఈ ఇంటి పొయ్యి ఆరింది ఆ తెల్లవారుజామునే.

మనుషులు లేని ఇంటిని విప్పడం తేలిక. 1909లో రాణి చనిపోయిన లోగిలిని కూలగొట్టారు. 1910 ఆగస్టులో దేశమే జపాను వశమైంది. ప్రాసాదం వాళ్ళ గవర్నర్ జనరల్ ప్రభుత్వం చేతికి వెళ్ళింది. ఇక కత్తులతో, కాగడాలతో పని లేదు. పద్దు పుస్తకాలు వచ్చాయి. కొరియాలో ఇంటిని కొలిచేది స్తంభానికీ స్తంభానికీ నడిమి జాగాతో, దాన్ని కాన్ అంటారు. రాజుల గదులను ఆ కాన్‌ల లెక్కన అమ్మారు. కొన్నవాళ్ళు విప్పుకుని బళ్ళ మీద తోలుకుపోయారు. 1592 మంట ఒక్క రోజులో చేసిన పనిని ఈసారి గుమాస్తాలు ఏళ్ళ తరబడి తీరిగ్గా చేశారు. కాలిపోయిన ఇంటి చోట మళ్ళీ ఇల్లు లేస్తుందని ఆశ ఉంటుంది. అమ్ముడుపోయిన ఇంటి దూలాలు ఎవరి వసారాలో ఉన్నాయో ఎవరికి తెలుసు?

1915 సెప్టెంబరు 11 నుంచి అక్టోబరు 31 దాకా ఆ ఖాళీ చేసిన స్థలంలో పెద్ద ప్రదర్శన పెట్టారు. తమ పాలనకు ఐదేళ్ళు నిండిన సంబరం అది. రాజులు కూర్చున్న గున్‌జొంగ్‌జొన్‌లో గవర్నర్ జనరల్ ఉత్సవం జరిపించాడు. పది లక్షల మందికి పైగా జనం వచ్చి చూశారు. సామాన్యుడు ఎన్నడూ తొక్కని ఆ రాళ్ళ మీద మొదటిసారి అడుగు పెట్టిన కొరియా మనిషి, తన రాజు ఇంటిని సంతగా చూశాడు.

యువరాజు ఉండిన జసొన్‌దాంగ్ భవనం కథ మరీ బాధ. జపాను వ్యాపారి ఒకురా కిహాచిరో దాన్ని విప్పించి టోక్యోలో తన ఇంటి ఆవరణకు తరలించాడు. అక్కడ అది వస్తు ప్రదర్శనశాల అయింది. 1923 భూకంపంలో టోక్యో తగలబడినప్పుడు అదీ కాలింది. పునాది రాళ్ళు మాత్రం తర్వాత ఒక హోటలు తోటలో పడి ఉండి, 1995లో తిరిగి వచ్చాయి. 288 రాళ్ళు. ప్రాసాదంలో యువరాజు భవనాన్ని కొత్తగా కడుతున్న రోజులవి. కానీ ఈ రాళ్ళు మంటకు పగిలి, బరువు మోయలేనివయ్యాయి. వాటిని తీసుకెళ్ళి ప్రాసాదం ఉత్తరపు కొసన, గొన్‌చొంగ్‌గుంగ్ పక్కన పేర్చిపెట్టారు. ఒకప్పుడు రాణి దేహం కాలిన తోపు దాపులోనే అవి ఇప్పుడున్నాయి. ఏమీ మోయకుండా.

ఇంకా పెద్ద దెబ్బ మిగిలే ఉంది. గ్వాంగ్‌హ్వామున్‌కూ సింహాసన మండపానికీ మధ్య ఉన్న కట్టడాలను తీసేసి, ఆ జాగాలో 1916లో గవర్నర్ జనరల్ కచేరీకి పునాది తవ్వారు. తెల్లరాయి, రాగి గుమ్మటం. ఊరివైపు నుంచి చూసేవాడికి వెనక ప్రాసాదం కనపడకుండా పోయింది. కచేరీ ముందు గ్వాంగ్‌హ్వామున్ అడ్డమని దాన్నీ పడగొడతారన్న మాట బయటికి పొక్కింది. అప్పుడు గొంతెత్తినవాడు జపాను మనిషే. యానాగి మునెయోషి అనే కళాతత్త్వవేత్త, కొరియా కుమ్మరుల పనికి మనసిచ్చినవాడు, 1922లో ఒక జపాను పత్రికలో ఆ ద్వారానికి కన్నీటి వీడ్కోలు రాశాడు. చనిపోబోయే మనిషితో మాట్లాడినట్టు ద్వారంతో మాట్లాడాడు. ఆ వ్యాసం కదిలించిన మనసుల వల్ల ద్వారం ప్రాణం దక్కింది, చోటు దక్కలేదు. విప్పి తూర్పు గోడ వైపు ఒక మూల నిలబెట్టారు. రాజు పల్లకి దాటిపోయిన పడమటి ద్వారం పక్క గోడ 1926లో ట్రాములు తిరిగే అదురుకు కూలింది. తర్వాత ఆ ద్వారాన్నీ తీసేశారు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. తూర్పు మూలన తలదాచుకున్న గ్వాంగ్‌హ్వామున్ పై మేడ కొరియా యుద్ధంలో కాలింది. 1968లో కాంక్రీటుతో మళ్ళీ కట్టారు, అదీ పాత గీత మీద కాక గవర్నర్ కచేరీ గీతకు ఒరిగి. కచేరీ గుమ్మటాన్ని 1995 ఆగస్టు 15న దించారు, మరుసటి ఏటికి భవనమంతా నేలమట్టమైంది. 2010లో గ్వాంగ్‌హ్వామున్ చెక్కతో, తన పాత చోట, పాత దిక్కుకు తిరిగి నిలబడింది. 2007లో రాణి లోగిలి మళ్ళీ లేచింది. 1995లో అమిసాన్ పొగగొట్టాల ముందు రాణివాసం కూడా మళ్ళీ లేచింది. కొత్త దూలాలు, కొత్త పెంకులు. పాతవి వెనక్కి రాలేదు.

ఆ పాత దూలాలు ఎక్కడున్నాయో తెలుసు. 1917లో ఛాంగ్‌దొక్‌గుంగ్‌లో అంతఃపురం కాలిపోయింది. రాజ్యం పోయిన చివరి చక్రవర్తి సున్‌జొంగ్ అక్కడే ఉండేవాడు. కొత్త కలప దేనికని, గ్యోంగ్‌బొక్‌గుంగ్‌లో రాజు పడకగది భవనాన్నీ రాణివాసాన్నీ విప్పి తెచ్చి అక్కడ నిలబెట్టారు. రాణివాసం దెజోజొన్ అనే పేరుతో 1920కి తయారైంది. రాజు నిద్రించే ఇంటి కప్పుకు నడినెత్తిన ఎత్తయిన గట్టు కట్టరు, రాజే డ్రాగన్ కాబట్టి పైన మరో డ్రాగన్ ఉండకూడదని అక్కడివాళ్ళు చెబుతారు. ఆ గట్టు లేని కప్పు అలాగే వచ్చి కొత్త చోట కూర్చుంది. రెండు ప్రాసాదాలకూ నడుమ రెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

సున్‌జొంగ్ రాణి మిన్ కొడుకు. 1895 అక్టోబరు తెల్లవారుజామున జుట్టు పట్టి ఈడ్చింది అతన్నే. మరో తెల్లవారుజామున ఆడవాళ్ళ పల్లకిలో దాటిపోయిందీ అతనే. 1907లో తండ్రిని దింపి అతన్ని గద్దెనెక్కించారు. మూడేళ్ళకు గద్దె కూడా లేకుండా చేశారు. ఆ తర్వాత పదహారేళ్ళు ఛాంగ్‌దొక్‌గుంగ్ గోడల మధ్యే బతికాడు. 1926 ఏప్రిల్ 25 తెల్లవారుతుండగా దెజోజొన్‌లో, అమ్మ రాణివాసంనుంచి విప్పి తెచ్చిన దూలాల కింద, చనిపోయాడు. ఆ అక్టోబరు ఒకటిన రాగి గుమ్మటపు కచేరీకి ప్రారంభోత్సవం జరిగింది. దాని వెనక, ఖాళీ అయిన రాణివాసపు అరుగు అవతల, నాలుగు పొగగొట్టాలు నిలబడి ఉన్నాయి.